ఏమీ అడగని మేడ

పద్దెనిమిదేళ్లుగా శరభుణ్ణి ఒక అనుమానం పంటి సందున ఇరుక్కున్న పీచులా సతాయిస్తూనే ఉంది. ఆకలి లేని ఇల్లు ఈ భూమి మీద ఉంటుందా?

కుముదవతీ రాజ్యంలో శరభుడి వంశానిది మరెవరికీ లేని వృత్తి. అక్కడ కోట బురుజు లేపాలన్నా, గుర్రాలకు శాల కట్టాలన్నా, ముందుగా ఆ ఇంటివాడు నిండుసభలో నిలబడి, కట్టబోయే దాని తిండి ఎంతో చెప్పాలి. "మహారాజా, ఈ శాల లేవడానికి నూరు బళ్ల సున్నం చాలు. నూరేళ్లు నిలవడానికి మాత్రం తొమ్మిది వందల బళ్లు కావాలి. పన్నెండేళ్లకోసారి వాసాలు మార్చాలి. ఏటా తొలకరికి ముందు ఇద్దరు మనుషులు నెల్లాళ్లు దాని కప్పు మీదే ఉండాలి. ఆ ఇద్దరినీ ఏ ఊరి పొలాల నుంచి తెస్తారు?" అని అడగాలి. రాజు జవాబు చెప్పగలిగితేనే శంకుస్థాపన. ఏనుగును తెచ్చుకోవడం గొప్ప కాదు, మేపడం గొప్ప అని ఆ దేశంలో ముసలీ ముతకా అందరూ అంటుంటారు.

శరభుడి తండ్రి రేచయ్య ఈ విద్యలో దిట్ట. గోడను వేలితో తట్టి, అది ఇంకా ఎన్ని వానలు చూస్తుందో చెప్పేవాడు. అంతటి రేచయ్య ఒకసారి పొరుగున ఉన్న హంసకేళీ నగరానికి వెళ్లి వచ్చాడు. అక్కడ అంతకు రెండేళ్ల ముందు శుష్కమాలి అనే మాంత్రికుడు ఒక్క పూటలో లేపిన నిత్యనూతన మందిరాన్ని స్వయంగా పరీక్షించాడు. తిరిగి వచ్చి సభలో రెండే ముక్కలు చెప్పాడు. "ఆయుష్షుకు అంతు లేదు. తిండి ఏమీ లేదు." ఆ తరువాత ఆయన మళ్లీ ఏ కట్టడం తిండీ లెక్క కట్టలేదు. ఎవరైనా పిలిస్తే, "నా విద్యే తప్పని తేలిపోయిందయ్యా" అని చేతులు జోడించేవాడు. ఆ దిగులుతోనే పోయాడు.

అప్పటికి పన్నెండేళ్లవాడైన శరభుడు తండ్రి మాటను కాదనలేదు. అలాగని నమ్మనూ లేదు. వైకుంఠం విడిచి వచ్చిన స్వామికే పన్నెండేళ్లకోసారి గర్భగుడి బాగుచేయవలసి వస్తోంది కదా! లోకాలను మోసేవాడి రథానికే ఎప్పటికప్పుడు కొత్త ఇరుసు వెయ్యాలి కదా! దేవుడే మొహమాటం లేకుండా అడిగి చేయించుకుంటుంటే, ఒక మాంత్రికుడి మేడ మాత్రం ఏమీ వద్దంటుందా? విస్తరి వేశాక కూడా ఆకలి లేదనే అతిథి ఎక్కడో తినే వచ్చి ఉండాలి. ఎక్కడ తిన్నాడు? ఎవరి ఇంట్లో తిన్నాడు?

ఇన్నాళ్లకు ఆ శుష్కమాలి కుముదవతికే వచ్చాడు. మహారాజు చిత్రభానుడి ముందు నిలబడి, "సున్నం అడగదు, నూనె అడగదు, మనిషిని అడగదు. నీ మనవల మనవలకు కూడా నిన్న కట్టినట్టే ఉంటుంది. ఒక్క పూటలో లేపి ఇస్తాను" అన్నాడు. సభ అంతా చప్పట్లు కొట్టింది. శరభుడు ఒక్కడే లేచి, "మరి ఏం తింటుంది స్వామీ?" అని అడిగాడు.

మాంత్రికుడు నవ్వాడు. అతని మెడలోని ఎండుపూల దండ గలగలమంది. "అనుమానించిన నోటికి ఒక గడువు ఉండాలి మహారాజా! ఏడు రోజులివ్వండి. ఎనిమిదో రోజు సూర్యోదయానికి ఇతను రుజువు తేకపోతే, ఇతని ఆలిని, ఇద్దరు బిడ్డలను నా పునాది గోతికి ఇవ్వండి." మేడ మోజులో పడిన రాజు తల ఊపాడు. భటులు శరభుడి భార్య కావేరిని, బిడ్డలను కోటలో పెట్టి తలుపులు వేశారు.

ఇవాళ ఆరో రోజు.

* * *

హంసకేళీ నగరంలో పొద్దు బారెడు ఎక్కింది. చాపల బండి తోలుకుంటూ, తలకు మాసిన పాగా చుట్టుకుని, బుగ్గన తమలపాకు ముద్ద పెట్టుకుని శరభుడు వీధులు తిరుగుతున్నాడు. ఊరి నడుమ నిత్యనూతన మందిరం ఆకాశాన్ని ఆనుకుని నిలబడి ఉంది. ఏడు అంతస్తులు. అంతస్తుకు నూట ఎనిమిది కిటికీలు. కిటికీ కిటికీకీ పగడపు గొలుసులు. గోడలు అప్పుడే తీసిన వెన్నలా మెరుస్తున్నాయి. స్తంభం స్తంభానికీ నోరు తెరిచిన రాతి సింహం. శిఖరం మీది బంగారు హంస గాలి ఎటు వీస్తే అటు మెడ తిప్పుతోంది. ఇరవై ఏళ్ల వానలు దాని మీద కురిశాయంటే ఎవరూ నమ్మరు. పాచి లేదు, మరక లేదు, పిచ్చుక గూడు కూడా లేదు.

పిచ్చుక గూడు లేకపోవడమే శరభుడికి నచ్చలేదు.

దానికన్నా నచ్చనిది మరొకటి ఉంది. మూడు రోజుల్లో అతను నూట నలభై చాపలు అమ్మాడు. ఏ ఇంట్లోనూ నేల మీద పరిచిన చాప ఒక్కటీ కనబడలేదు. ఎవరూ అతణ్ణి గడప దాటనివ్వలేదు. చాప అందుకుని, చటుక్కున తలుపు మూసుకునేవారు. పక్కింటివాడు వీధిలోకి వస్తే ఎదుటింటివాడు లోపలికి పోయేవాడు. పలకరింపులన్నీ గుమ్మం బయటే. ఇంతమంది ఇన్ని చాపలు కొని ఏం చేసుకుంటున్నట్టు?

మందిరం వెనుక, వంటశాల గోడకు ఎదురుగా ఉన్న మొదటి ఇంటి ముందు ఒకామె గోంగూర కట్టలు కడుతోంది. నలభై ఏళ్లకు దగ్గర పడిన మనిషి. పేరు మంగసాని. రాజుగారి వంటశాలకు రోజూ ఆకుకూరలు వేస్తుంది. శరభుణ్ణి చూసి చెయ్యి ఊపింది.

"ఏమయ్యా చాపలాయనా! ఆ పెద్దది ఇటు తే. మూడు రోజులుగా చూస్తున్నా, చాప జానెడు, మాటలు బారెడు నీకు."

"ఇదిగో అక్కా. పడుకోవడానికా, గోడకా?"

ఆమె చేతిలోని గోంగూర కట్ట కింద పడింది. "గోడకేమిటి? గోడలు పడుకుంటాయా? ఎవరు పంపారు నిన్ను?"

"ఎవరూ పంపలేదు. నీ కొప్పులో సున్నపు పొడి రాలి ఉంది. పైనుంచి రాలిన పొడి. పగులు ఎంత పొడుగక్కా?"

మాట పూర్తి కాకముందే ఆమె గుమ్మం పక్కనున్న రోకలి అందుకుంది. "నోరు ముయ్యి! కేక వేశానంటే కొత్వాలు వస్తాడు. చాపలమ్ముకునే ముఖమేనా ఇది? ఆ చేతులు చూడు, తాళ్లు పేనిన చేతులా అవి? ఉలి పట్టిన కాయలవి. నువ్వు రాజుగారి గూఢచారివి!"

"గూఢచారినైతే లోపలికి రానిమ్మని నిన్ను అడుగుతానా? తలుపు తన్నుకుంటూ వచ్చేవాణ్ణి." శరభుడు గొంతు తగ్గించాడు. "నాది కుముదవతి. ఇళ్ల ఆయుష్షు చెప్పేవాణ్ణి. నా ఆలుబిడ్డలు పునాది గోతి గట్టున ఉన్నారు. ఈ మేడ ఏం తింటోందో ఎల్లుండి తెల్లవారేలోగా చెప్పకపోతే వాళ్లు లేరు. నీకు దణ్ణం పెడతాను, ఒక్కసారి నీ గోడ చూపించు."

ఆమె రోకలి దించలేదు. అతని కళ్లలోకి చాలాసేపు చూసింది. వీధి అటు చూసింది, ఇటు చూసింది. చివరికి రోకలితోనే లోపలికి దారి చూపించింది. "ముందు నువ్వు నడువు. వెనక నేనూ, నా రోకలీ ఉంటాం."

లోపల నాలుగు గోడలకూ చాపలే. మంగసాని ఒకటి ఎత్తింది. గోడ నెత్తి నుంచి పాదం దాకా, చెయ్యి దూరేంత పగులు. మరొకటి ఎత్తింది. అక్కడా అంతే.

"మేడ లేచిన ఏడాదే రాజుగారు చాటింపు వేయించారు," అందామె నెమ్మదిగా. "మా మందిరానికి లేని పగులు మీ గోడలకెందుకొస్తోంది? మీ సోమరితనం వల్లే కదా. ఇకమీదట ఎవరి గోడ పగిలితే వాళ్లను గాడిద మీద ఊరేగించి పొలిమేర దాటిస్తామని. మా ఇంటాయన ఏటా మెత్తేవాడు. ఎంత మెత్తినా మళ్లీ పగిలేది. ఆరేళ్ల కింద దూలం విరిగి ఆయన మీదే పడింది. జ్వరంతో పోయాడని చెప్పుకున్నాను. ఇల్లు నిలుపుకోలేని చవట అని ఆయన్ను అనిపించడం ఇష్టం లేక."

"మిగిలిన ఇళ్ల మాటేమిటి?"

"వాళ్లకేం, చక్కగా ఉన్నారు. మా ఇల్లొక్కటే ఇలా శాపం తగిలి..."

"అక్కా," అన్నాడు శరభుడు. "నేను నూట నలభై చాపలు అమ్మాను."

రోకలి దానంతటదే నేలకు దిగింది.

శరభుడు అప్పటికే గోడను తడుముతున్నాడు. ఒకచోట అతని వేళ్లు ఆగిపోయాయి. పగుళ్ల నడుమ, జానెడు ఎత్తున, ఉలితో చెక్కిన శంఖం గుర్తు ఒకటి ఉంది. ఎడమవైపు తిరిగిన శంఖం. లోకంలో ఆ గుర్తు చెక్కే చెయ్యి ఒక్కటే ఉండేది.

"ఇది ఎవరు చెక్కారు?"

"ఎవరూ చెక్కలేదయ్యా. పద్దెనిమిదేళ్ల కింద ఒక పూట పొయ్యి ముందు కూర్చుని ఉంటే, చూస్తూ చూస్తుండగా గోడలోంచి పుట్టింది. దేవుడి మహిమ అనుకుని కొన్నాళ్లు దీపం కూడా పెట్టాను."

శరభుడు ఆ శంఖానికి నుదురు ఆనించాడు. తండ్రి మేడను పరీక్షించాడు. తన గుర్తు చెక్కాడు. అది కళ్లముందే మాయమైపోతే, తన విద్య ఓడిపోయిందనుకుని దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. మేడనే చూశాడు. నాలుగడుగులు వేసి వెనక వీధిలోకి రాలేదు. పాపం, ఎవరు రానిచ్చేవారు? అన్ని ఇళ్లకూ చాపలే.

"మేడకు తగిలిన ప్రతి దెబ్బా ఎవరో ఒకరి ఇంటికి దిగుతోందక్కా. ఎండదెబ్బ, వానదెబ్బ, పిడుగుదెబ్బ, అన్నీ. దానికి తిండి లేకపోవడం కాదు. మీ ఊరంతా దాని తిండి."

* * *

అనుమానం వేరు, రుజువు వేరు. శరభుడు బండిలో చాపల అడుగున దాచిన తడి సున్నం తీసి, మంగసాని గోడ మీద పగులు లేని చోట అరచేయంత బొట్టు పెట్టాడు. నున్నగా చేశాడు. అలాంటి బొట్టును అతని వృత్తివాళ్లు సాక్షి అంటారు. గోడ కదిలితే సాక్షి చీలుతుంది. అది అబద్ధం చెప్పదు.

మధ్యాహ్నం రాజభోజనాల వేళకు మంగసాని ఆకుకూరల గంప నెత్తిన పెట్టుకుని వంటశాల ద్వారం దగ్గరకు వెళ్లింది. వెనక చాపల కట్టతో శరభుడు. గోంగూర అడుగున ఉలి, సుత్తి.

"వీడెవడు మంగీ?" అన్నాడు కావలివాడు, బల్లెం అడ్డం పెట్టి.

"మా పిన్నత్త కొడుకు. చూడు, ముఖానే తెలియడం లేదూ, ఉత్త మొద్దు! వంటవాళ్లు కూచోవడానికి చాపలు అడిగితే తెచ్చాను. నువ్వు మోస్తానంటే వీణ్ణి ఇక్కడే వదిలేస్తా."

కావలివాడు చాపల కట్టను చూసి, తన బొజ్జను చూసుకుని, బల్లెం తీశాడు.

వంటశాల వెనక, జనం లేని మూల, వెన్నలాంటి గోడ. శరభుడు ఇష్టదైవాన్ని తలచుకుని ఉలి ఆనించాడు. టక్, టక్, టక్. మూడు గీతలు, త్రిశూలంలా. చెక్కు రాలింది. ఒక్క క్షణం గుర్తు నిలిచింది. ఆ తరువాత చెరువులో వేసిన రాయి చుట్టూ నీళ్లు మూసుకున్నట్టు, గోడ మెల్లగా మూసుకుపోయింది.

అయితే ఈసారి మేడ మూలిగింది. పునాది నుంచి శిఖరం దాకా, నిద్రలో తేలు కుట్టిన ఏనుగులా మూలిగింది. స్తంభాల మీది రాతి సింహాలన్నీ ఒక్కసారి కళ్లు తిప్పి శరభుడి వైపు చూశాయి. వంటశాల పొగ అంతా ఒక్కచోట ముద్దకట్టింది. పొగలోంచి ఎండుపూల దండ గలగలమంది. కుముదవతిలో ఉండవలసిన శుష్కమాలి అక్కడ నిలబడి ఉన్నాడు.

"రేచయ్య కొడుకువి కదూ! నీ తండ్రి బుద్ధిమంతుడు. ఒక్క గాటు పెట్టి, మాయమైతే నమస్కారం చేసి వెళ్లాడు. నువ్వు వెనక వీధిలో ఎందుకు తిరుగుతున్నావురా?"

"చాపలు అమ్ముకుందామని స్వామీ," అన్నాడు శరభుడు. చాపల కట్ట విప్పి మాంత్రికుడి ముఖాన కొట్టి, పరుగు లంకించుకున్నాడు.

"పట్టుకోండి!"

భటులు మెట్ల మీద నుంచి దూకుతూ వచ్చారు. మంగసాని పొయ్యి మీది గంజి గుండిగను కాలితో తన్నింది. నలభై మందికి వార్చిన గంజి మెట్ల కిందంతా వరదలా పారింది. ముందు భటుడు జారాడు, వాడి మీద రెండోవాడు, ఆ ఇద్దరి మీద బొజ్జ కావలివాడు. "నా అన్నంలో మన్ను పోశావు కదే మంగీ!" అని వాడు కేక పెట్టేసరికి ఇద్దరూ వీధిలో ఉన్నారు.

ఇంట్లోకి దూరి తలుపు గడియ వేశారు. సాక్షి బొట్టు నిలువునా చీలి ఉంది. చీలిన చోట, తడి ఆరని సున్నం మీద, మూడు గీతల త్రిశూలం.

శరభుడు ఉలితో ఆ చెక్కును చుట్టూ తొలిచి, పెళ్ల మొత్తం ఊడదీసి, ఉత్తరీయంలో కట్టుకుని వీపుకు బిగించాడు.

"మా రాజుకు చూపించడానికి ఇది ఉంది. కానీ మట్టిపెళ్లను చూపించి మాట చెబితే, నువ్వే చెక్కుకొచ్చావంటాడు ఆ మాంత్రికుడు. నీ గోడ సంగతి నీ నోటితో చెప్పాలక్కా. నాతో వస్తావా?"

బయట తలుపు మీద బల్లేలు పడుతున్నాయి. మంగసాని ఇల్లంతా ఒకసారి కలయజూసింది. ఇరవై ఏళ్లు ఈ పగుళ్లకు కాపలా కాసింది. తల్లి పోయిందని కబురొచ్చినా, ఇల్లు వదిలితే ఎవరు చాప ఎత్తి చూస్తారోనని కదలలేదు.

"వస్తాను. పోయే ముందు ఒక్క పని ఉంది."

పెరటి గోడ దూకి పక్కింట్లోకి వెళ్లింది. వెనకే శరభుడూ దూకాడు. ఆ ఇంటి ముసలాయన "ఏయ్, ఏయ్" అంటుండగానే గోడ మీది చాప సర్రున లాగేసింది. పగులు! వీధివైపు తలుపు బార్లా తెరిచి, గొంతెత్తి అరిచింది. "ఓ అమ్మలారా, అయ్యలారా! నా ఇల్లు పగిలింది. ఈ తాత ఇల్లూ పగిలింది. మీ చాపలు కూడా ఎత్తండి! సిగ్గుపడాల్సింది మనం కాదు, ఆ మేడ!"

వీధి పొడుగునా తలుపులు ఓరగా తెరుచుకున్నాయి. ఎవరిని నమ్మాలో ఎవరికీ తెలియలేదు. ఎదుటింటి కోడలు మెల్లగా తలుపు తెరిచి, తమ చాపను పీకి వీధిలో పడేసింది. దాని వెనక మరొకటి. ఇంకొకటి. మంగసాని తలుపు విరగ్గొట్టి, లోపల ఎవరూ లేరని భటులు తిరిగి వీధిలోకి వచ్చేసరికి వీధి నిండా చాపలు. చాపల మీద జనం. ఒకరి గోడలోకి ఒకరు తొంగి చూస్తూ, "మీకు కూడానా? మీకు కూడానా?" అంటూ దారి ఇవ్వలేదు.

* * *

ఊరి బయట తాటితోపులో శరభుడు ముందే కట్టి ఉంచిన గుర్రం మీద ఇద్దరూ ఎక్కారు. గుర్రం గాలిలో తేలినట్టు పరుగెత్తింది. వెనక కోటద్వారం తెరుచుకుని ఇరవై మంది రౌతులు బయటపడ్డారు. రౌతుల కన్నా ముందు మరొకటి బయలుదేరింది.

మేడ ఏడో అంతస్తు మీద నిలబడిన శుష్కమాలి తన బెత్తంతో గచ్చు మీద ఒక గీత గీశాడు. ఆ గీత మెట్లు దిగింది, గుమ్మం దాటింది, పొలాల్లో పడింది. నల్లటి పగులు! పాములా మెలికలు తిరుగుతూ నేలను చీల్చుకుంటూ వస్తోంది. దారిలో ఒక మోటబావి రెండుగా విడిపోయి నీళ్లు పాతాళంలోకి పోయాయి. ఒక తాడిచెట్టు నిలువునా చీలి చెరోవైపు పడింది. పగులు శరభుడి వీపు మీది మట్టిపెళ్లను వాసన పట్టినట్టు, వాళ్లు ఎటు తిరిగితే అటు తిరుగుతోంది.

"ఇదేమిటయ్యా?" అంది మంగసాని, వెనక్కి చూస్తూ.

"తిండి కోసం వస్తోంది. తల తిప్పకు, గట్టిగా పట్టుకో!"

పొద్దు వాలుతుండగా ఏటి రేవు కనబడింది. రేవు దాటితే కుముదవతి పొలిమేర, హంసకేళీ రౌతులు అడుగుపెట్టలేని చోటు. గుర్రం నోట నురగలు కక్కుతూ గట్టు మీద మోకాళ్ల మీద కూలిపోయింది. ఇక లేవలేదు.

రేవు గట్టున మట్టితో కట్టిన చిన్న గుడి ఒకటి ఉంది. మనిషి వంగి దూరవలసినంత గుడి. లోపల మెత్తమ్మ తల్లి, మోచేయి ఎత్తు రాతి బొమ్మ. ఆ గుడిని ఏ రాజూ కట్టించలేదు. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. ఏరు దాటే ప్రతి మనిషీ తడిమట్టి ఒక పిడికెడు తీసి ఆ గోడకు మెత్తి పోవాలి, అంతే. వాన కరిగించినంత మట్టిని బాటసారులు మళ్లీ పెడుతూనే ఉంటారు. గోడ నిండా అరచేతుల గుర్తులు. పెద్దవి, చిన్నవి, గాజుల ఒరిపిడి గీతలున్నవి. మూడు వందల ఏళ్లుగా ప్రతి వర్షాకాలమూ కరుగుతోంది, ప్రతి వర్షాకాలం తరువాతా నిలబడే ఉంది. దాని తిండి రోజుకు నాలుగు పిడికిళ్లు. అడగడానికి దానికి సిగ్గు లేదు. పెట్టడానికి ఎవరికీ బరువు లేదు.

"అక్కా, గుడి చాటుకు! ఏట్లో దిగుదాం," అని శరభుడు ఆమె చెయ్యి పట్టుకుని లాగాడు.

మంగసాని కదలలేదు. గుడి గోడకేసి చూస్తూ నిలబడిపోయింది.

"నేను ఈ దారినే కాపురానికొచ్చాను," అంది. "ఇరవయ్యొక్క ఏళ్లయింది. పల్లకీ దిగి పిడికెడు మట్టి తీయబోతుంటే మా అత్తగారు గదిమింది. ముహూర్తం దాటిపోతోంది, కొత్త చీర మట్టవుతుంది, పుట్టింటికి పోయేటప్పుడు వేద్దువులే అంది. మళ్లీ ఎక్కడ పోయాను?"

"ఇప్పుడు అవన్నీ ఎందుకక్కా! అదిగో, వచ్చేస్తోంది!"

పగులు గట్టు ఎక్కింది. పడిపోయిన గుర్రం డెక్కల పక్కనుంచి జారి, శరభుడి మీదికి లేచింది. అతను వీపు మీది మట్టిపెళ్లను ముందుకు లాక్కుని గుండెకు హత్తుకుని, గుడి గోడకు వీపు ఆనించాడు. పగులు అతని పాదాల ముందు ఒక్క క్షణం తటపటాయించి, గుడి గోడ మీదికి పాకింది. అరచేతి గుర్తు మీద అరచేతి గుర్తును తడుముతూ పైకి పోయింది. ఎక్కడా సందు దొరకలేదు. ఎడమకు తిరిగింది, కుడికి తిరిగింది. తలుపు పక్కన, నడుమెత్తున, ఒక పిడికెడంత గుంట. అక్కడ మాత్రం ఎవరి చెయ్యీ పడలేదు. పగులు అటు తిరిగింది. గుంట అంచు నుంచి మట్టి పొడి రాలడం మొదలైంది. లోపల తల్లి విగ్రహం కదిలింది.

మంగసాని రేవులోకి దిగింది. రెండు చేతులా తడిమట్టి తీసింది. కొంగు నీళ్లలో పడింది, చూసుకోలేదు. అవతల రౌతుల కేకలు, ఇవతల నేల చీలుతున్న చప్పుడు. ఆమె నడిచే వచ్చింది, పరుగెత్తలేదు. పగులు నోటి ముందే మోకాళ్ల మీద కూర్చుంది.

"ఆలస్యమైంది తల్లీ, ఏమనుకోకు," అంది. "ఇదిగో నీ పిడికెడు."

మట్టిని గుంటలో పెట్టి, అరచేత్తో గట్టిగా అదిమింది. ఆమె చేతికింద గోడ చేపలా గిలగిలా కొట్టుకుంది. మోచేయి దాకా నరాలు ఉబ్బాయి. ఆమె చెయ్యి తీయలేదు. ఇరవై ఏళ్లు మెత్తి మెత్తి ఓడిపోయిన చెయ్యి, ఈసారి గోడ నిలుస్తుందో లేదో చూద్దామన్నట్టు పళ్లు బిగించి ఆగింది. కొట్టుకోవడం తగ్గింది. ఇంకా తగ్గింది. ఆగిపోయింది.

గట్టు మీద, పగులు ఉన్నచోట చిన్నపిల్ల బెత్తంతో గీసినంత గీత మాత్రం మిగిలింది.

రౌతుల గుర్రాలు రేవు ఇసుకలోకి దిగుతున్న చప్పుడు వినిపిస్తోంది. గడువుకు ఇంకా ఒక పగలూ రెండు రాత్రులూ ఉన్నాయి; శరభుడు మట్టిపెళ్లను మళ్లీ వీపుకు బిగించి, అవతలి గట్టు వైపు తిరిగి ఆమెకు చెయ్యి అందించాడు. మంగసాని మెల్లగా చెయ్యి తీసింది. తడి గోడ మీద అయిదు వేళ్లూ చక్కగా పడ్డాయి.